పోట్లాడే గజ్జెలు

మా నాయన నగర్తపేటలో కంచు గజ్జెలు చేస్తాడు. నాట్యం నేర్పే టీచరమ్మలు ఆయన చెవిని నమ్మే వస్తారు. రెండు కాళ్లకూ కట్టేవన్నీ ఒకే శ్రుతిలో పలకాలి. ఒక్కటి తేడా కొట్టినా అన్నం మధ్యలో లేచి ఆకురాయి పట్టుకునే మనిషి. ఈ మధ్య అమ్మ నాలుగుసార్లు పిలిచినా పలకడం లేదు. మొండితనం ముదిరిందని అమ్మా నేనూ తిట్టుకునేవాళ్లం.

పోయినేడు దుబాయి నుంచి ఒకాయన వాట్సాప్‌లో నాకు రాశాడు. ఆయన డేగలను పెంచుతాడట. వేటకు వదిలిన పక్షి ఏ పొదలోనో దిగితే వెతుక్కోవడానికి కాలికొక చిన్న గజ్జె కడతారట. ముందు ఒక జత పంపమన్నాడు. కానీ రెండూ ఒకేలా మోగకూడదట, ఒకదానితో ఒకటి పోట్లాడుతూ మోగితేనే దూరానికి వినిపిస్తుందట.

ఇదంతా నాయన చెవి దగ్గర అరిచి చెప్పాను. ఆయనకు ఒళ్లు మండింది.

"ఒగ కాలికొగ శ్రుతా? పోట్లాడేవి కావాలంటే మా ఇంట్లో నేనూ మీ అమ్మా ఉండామని చెప్పు!"

"అడిగింది చేసిద్దాం నాయనా."

"సుమ్నె నోరు మూసుకోని ఉండమ్మే. గజ్జె అంటే ఏందో వానికి నేను చూపిస్తా."

మొండివాడు రాజు కన్నా బలవంతుడు. మూడు రోజులు కూర్చుని, ఒకే శ్రుతి పలికే జత చేశానని చెప్పి, దూదిలో చుట్టి తనే పార్సిల్ కట్టాడు. అది తిరిగొస్తుందని నేను రోజూ భయపడుతూనే ఉన్నాను.

తిరిగి రాలేదు. జవాబొచ్చింది. 'సరిగ్గా నేను అడిగిన తేడా! మీ నాన్నగారిది ఎంత గొప్ప చెవి! ఇంకో నలభై జతలు పంపండి.'

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరుగున వెళ్లి, టీచరమ్మ కోసం ఆయన సిద్ధం చేసి పెట్టిన గజ్జెలు ఒక్కొక్కటే ఆడించి చూశాను. అయ్యో దేవుడా! ఒకటి పాడుతోంది, ఇంకొకటి దగ్గుతోంది.

"ఏం రాసినాడు?" వెనకనుంచి నాయన అడిగాడు.

"ఇంత బాగా కలిసిన జత జన్మలో వినలేదంట నాయనా!" అని అరిచాను.

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత టీచరమ్మ గజ్జెలూ, ఆకురాయీ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఇంక ఇవి నువ్వు చూసుకో. డేగలవి నేను చేస్తా."

"అదేంది నాయనా?"

"నీకు అబద్ధం ఆడేకి చేతకాదమ్మే. నా చెవులు పోయిండాయి గాని, కండ్లు బాగనే ఉండాయి."