ఆయన కోసం రుచి చూసిన బీరు

పోయిన వారం మా మరిది విశాఖపట్నం నుంచి ఒక సీసా పట్టుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. చోళ్లతో, అదే రాగులతో, కొత్తగా బీరు కాచాడట, అమ్మకానికి పెట్టే ముందు వదిన నోట పడితే గాని తనకి ధైర్యం ఉండదట. రెండు గుక్కలు తాగి, చోళ్లు కాస్త ఎక్కువ వేగాయి నాయనా, వెనకాల మాడు తగులుతోంది అని చెబితే బుద్ధిగా తలూపి వెళ్లాడు. అరవై దాటిన బాప్టిస్టు సంఘపు విధవరాలికి ఇదేం పని అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. మా నాన్న సంఘపెద్ద, సారా అన్న మాట కూడా ఇంట్లో పలకనిచ్చేవారు కాదు. అలాంటి ఇంట పుట్టిన నేను గోధుమ బీరుకీ నల్ల బీరుకీ తేడా చెప్పే మనిషిని ఎలా అయ్యానో చెప్పాలంటే మావారి సంగతి చెప్పాలి.

ఆయనది రాజాంలో ధాన్యం వ్యాపారం. బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో నలిపి, ఒక్క బియ్యపు గింజ పంటి కింద పెట్టి కొరికితే చాలు, తేమ ఎంతుందో, కోసిన చేను మీద వాన పడిందో లేదో చెప్పేసేవారు. తిండి దగ్గరా అదే తీరు, చారులో ఇంగువ చిటికెడు ఎక్కువైతే ఆ పూట నాకు మూడినట్టే. జర్దా నమలొద్దని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు, చివరికి నాలుక పక్కన పుండు లేచింది, క్యాన్సరన్నారు. విశాఖపట్నం ఆస్పత్రిలో కరెంటు, అదే రేడియేషను, పెట్టించాం. పుండయితే మానింది గాని నోటికి రుచి పోయింది. పులుసూ పాయసం ఒకటే అయిపోయాయి. కొన్ని నెలలకి రుచి తిరిగి రావచ్చని డాక్టరు గారు అన్నారు, ఆ ఒక్క మాట పట్టుకుని ఇద్దరం బతికాం.

ఇదంతా రెండువేల పదిహేడు ఆ ప్రాంతపు మాట. చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా తిరుగు బండికి చాలా సమయం ఉండేది, మరిది అప్పుడే అక్కడొక బీరు కాచే హోటల్లో పనికి చేరాడు, చల్లగా కూర్చోవచ్చని మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లేవాడు. మొదటిసారి వెళ్లిన రోజు చెక్క పళ్లెంలో చిన్న చిన్న గ్లాసులు వరసగా పెట్టి, ఒక్కోదాన్లో ఒక్కో రంగు బీరు పోసి తెచ్చాడు. అలా వరసగా చిన్న గ్లాసులు నేను చూసింది చర్చిలో ద్రాక్షరసం ఇచ్చే ప్రభురాత్రి భోజనంలోనే. నా చెయ్యి దానంతట అదే ఒక గ్లాసు తీసుకుంది, తల వంగింది, కళ్లు మూతబడ్డాయి, అందరూ కలిసి తాగడానికి పాస్టరు గారు ఎప్పుడు చెబుతారా అని అలాగే కూర్చుండిపోయాను. కాసేపటికి మరిది మెల్లగా, "వదినా, ఇక్కడ ప్రార్థనేటీ లేదు, తాగీయొచ్చు" అన్నాడు. జబ్బు చేశాక మావారు అంతగా నవ్వడం అదే మొదలు, నవ్వితే నోరు నొప్పి పెడుతుందని దవడ పట్టుకుని మరీ నవ్వారు. ఆ నవ్వు కోసమే తాగాను, లేకపోతే తాగేదాన్ని కాదు.

ఆయన తాగకూడదు. వాసన మాత్రం ఇంకా తెలిసేది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నాకు ఇచ్చేవారు, నేను తాగి చెప్పాలి. బాగుందండీ అన్నాను. ఆయనకి కోపం వచ్చేసింది. "బాగున్నాదంటే ఏటే? ధాన్యం బాగున్నాదంటే ఎవుడైనా కొంతాడా? నోట్లో ముందు ఏటి తగిలింది, ఎనకాల ఏటి మిగిలింది, సరిగ్గా సెప్పు" అన్నారు. నాకా ఏడుపొచ్చింది, అయినా మళ్లీ తాగి, గుక్క మింగకుండా కాసేపు ఆపి, గోధుమ బీరులో మాగిన అరటిపండూ లవంగమూ ఉన్నాయన్నాను. నల్లదాన్లో వేయించిన చోళ్లు, కాఫీ గింజ. చేదు బీరులో ముందు జీడిపండు వాసన, తర్వాత నిమ్మతొక్క, ఆ తర్వాత వేపపుల్ల. పుల్లబీరు అచ్చం తరవాణే, పులిసిన గంజినీళ్లు ముంతలోంచి వంచుకుని తాగినట్టే. ఆయన కళ్లు మూసుకుని వింటూ గుటక వేసేవారు. ఉత్త గుటక. అది చూసి కూడా నేను చెప్పడం ఆపేదాన్ని కాదు.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, నేను తాగింది పాలూ కాదు గనక కొంగు నెత్తి మీదికి లాక్కుని గోడ వైపు తిరిగి కూర్చునేదాన్ని. అయినా పోను పోను ఆస్పత్రి రోజు కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను, ఈసారి మరిది ఏం కాచాడో అని నాకే ఆత్రంగా ఉండేది. ఇంటి దగ్గర ఆవకాయ తిన్నా, పనసపండు తిన్నా విడమరిచి చెప్పేదాన్ని, పెళ్లయిన ఇన్నేళ్లలో మేం అంత మాట్లాడుకున్నది లేదు.

ఒక రోజు ఆయన నల్ల బీరులో వేలి కొస ముంచి నాలుకకి రాసుకున్నారు. మళ్లీ ముంచి మళ్లీ రాసుకున్నారు. తర్వాత, "కొంచెం సేదు తగుల్తన్నాదే" అన్నారు. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఆ ఆదివారం సంఘంలో నిలబడి మావారికి రుచి తిరిగి వచ్చిందని కృతజ్ఞతార్పణ కానుక వేశాను, ఎలా తెలిసిందో మాత్రం చెప్పలేదు. తర్వాతి సారి ఆస్పత్రికి వెళితే జబ్బు గొంతులోకి పాకిందన్నారు. ఆ చేదు నిజంగా తగిలే అన్నారో, ఆశగా చూస్తున్న నా మొహం చూసి అన్నారో తెలియదు. అడగడానికి మనసొప్పలేదు.

ఆఖర్న ముక్కులో గొట్టం వేశారు, వాసన కూడా పోయింది. చెప్పమని చేత్తో సైగ చేసేవారు. గ్లాసు లేకుండానే చెప్పేదాన్ని, గుర్తున్నవన్నీ, అరటిపండూ లవంగం అని. వింటూనే పోయారు. జ్ఞాపకార్థ కూడిక రోజున విస్తరి ముందు కూర్చోబెట్టి, ఒక్క ముద్ద తినమని చెల్లెలు నోట్లో పెట్టింది. మట్టి తిన్నట్టుంది. పప్పు కలిపినా మట్టే, పెరుగు పోసినా మట్టే. ఆయన అంతకాలం ఏం తిన్నారో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు విశాఖపట్నంలో అలాంటి హోటళ్లు బోలెడు. ఆడపిల్లలు కొంగు చాటు అక్కర్లేకుండా కూర్చుని తాగుతున్నారట, శ్రీకాకుళం కుర్రాళ్లకి సైతం ఆ బీర్ల నోరు తిరగని పేర్లన్నీ కంఠతా వచ్చట. మంచిదే, సంతోషమే. నాకు మాత్రం కూడిక అయ్యాక చాలాకాలం నోటికి ఏమీ తెలియలేదు, తెలియకపోవడమే బాగుండేది, ఆయనకి తోడున్నట్టు ఉండేది. ఒక ఉదయం చద్దన్నంలోకి ఉల్లిపాయ కొరికితే ఘాటు ముక్కుకెక్కింది, దాని వెనకాలే సన్నగా తీపి. రావచ్చని డాక్టరు గారు చెప్పిన రుచి మా ఇంటికి వచ్చింది, వచ్చి నన్ను పట్టుకుంది. ఆయన పోయిన రోజున కూడా నేను అంతగా ఏడవలేదు.