గోడకు ఆనించిన చెయ్యి

గోదావరిఖని క్వార్టర్లలో మా పక్కింటి అక్కకు పాతికేళ్ల కూతురు ఉండేది. ఆటిజం అన్నారు డాక్టర్లు. మాట తక్కువ. ఎవరి ముఖంలోకీ చూడదు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా ఇళ్లు అదిరేవి. అప్పుడామె తల బాదుకునేది. పేలుడంటే భయమనుకుని వాళ్లమ్మ ఆమె చెవుల్లో దూది పెట్టేది. మా అందరి తెలివీ అక్కడిదాకే.

ఒకరోజు బ్లాస్టింగ్‌కు ముందు మోగే సైరన్ మోగగానే ఆమె నేరుగా మా వంటింట్లోకి వచ్చి, స్టాండులోని స్టీలు గిన్నెలన్నీ దించి చాప మీద పెట్టసాగింది. వెనకే వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమనుకోకు చెల్లె, మా ఇంట్ల బోళ్లన్ని దించి మీ ఇంట్లకొచ్చింది."

"దించనియ్యి అక్కా" అన్నాను.

ఇల్లు అదిరింది. గిన్నెలు మోగలేదు. ఆమె తల బాదుకోలేదు. ఇన్నాళ్లూ ఆమెను బాధపెట్టింది పేలుడు కాదు, మా గిన్నెల గలగల!

ఆనాటి నుంచి సైరన్ మోగితే మా వరసంతా గిన్నెలు దించేది. ఆమె మాత్రం వరండాలో గోడకు అరచెయ్యి ఆనించి, అదురు కోసం నవ్వుతూ ఎదురుచూసేది.

మేం నస్పూర్‌కు మారే ముందురోజు నేనూ పక్కన నిలబడి గోడకు చెయ్యి ఆనించాను. నా వైపు చూడకుండానే ఆమె నా చేతిని కొంచెం కిందికి జరిపింది.

"గీడ మంచిగొస్తది" అంది.