బాషా గారు సగానికి ఒప్పుకోని తేదీ

నెల్లూరు బస్టాండు బయట చెప్పులు కుట్టే ఒకాయన నల్ల పాలిష్ డబ్బా మూత తీసి ఎండలో పెట్టుకుని కూర్చుంటాడు. ఎండకు పాలిష్ మెత్తబడి ఘాటుగా వాసన కొడుతుంది. వచ్చేపోయేవాళ్ళు ముక్కు చిట్లించుకుని పక్కకు జరుగుతారు. పోయిన వారం నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. మనవరాలు చెయ్యి పట్టి లాగుతున్నా కదల్లేదు. ఆ వాసన తగిలితే చాలు, ఆత్మకూరులో మా టైపు ఇన్‌స్టిట్యూట్ గుమ్మమూ, ఆ గుమ్మం ముందు వంగి బూట్లు తుడుచుకుంటున్న మేజర్ మహబూబ్ బాషా గారూ కళ్ళ ముందుకు వస్తారు. ఉదయగిరి నుంచి బస్సులో వచ్చేసరికి ఆయన బూట్లు ఎర్రమట్టి కొట్టుకుని ఉండేవి. జేబులోంచి పాలిష్ పట్టించిన గుడ్డ తీసి, అవి నల్లగా మెరిసేదాకా తుడిస్తే గానీ లోపలికి అడుగు పెట్టేవారు కాదు. "ఇక్కడ మీ బూట్లు ఎవరు చూస్తారు సార్?" అని ఒకసారి అడిగాను. "నేను చూస్తా గదా బేటీ" అన్నారు.

అవి డెబ్భైల చివరి రోజులు. మా నాయన ఆత్మకూరులో పప్పులూ నూనెలూ టోకున అమ్మేవాడు. కొట్టు మీద ఖాళీగా పడున్న గదిలో పాత మిషన్లు పెట్టుకుని నేను టైపు నేర్పేదాన్ని. పెళ్ళయ్యేదాకా పిల్లకు కాలక్షేపం అనుకున్నాడు మా నాయన. నేను మాత్రం అట్లా అనుకోలేదు. నేర్చుకునేవాళ్ళతో పాటు అర్జీలు కొట్టించుకునేవాళ్ళు కూడా వచ్చేవారు. సోమశిల డ్యాములో ఊళ్ళు పోయినవాళ్ళు, బోరుకు కరెంటు రానివాళ్ళు, బదిలీ కోసం తిరిగే టీచర్లు. ఎవరి కష్టం ఏదైనా ఇంగ్లీషు అర్జీ మొదలయ్యేది ఒకే ముక్కతో: "ఐ మోస్ట్ హంబ్లీ బెగ్ టు సబ్మిట్ దీజ్ ఫ్యూ లైన్స్." నా వేళ్ళకు అది ఎంత అలవాటంటే, బాషా గారు మొదటిసారి వచ్చి నోరు తెరవకముందే కొట్టి పారేశాను.

ఆయన మిషన్ మీదకు వంగి చూశారు. "ఇదేంది?"

"అర్జీ అట్లానే మొదలుపెడతాం సార్."

"బెగ్ అంటే అడుక్కోవడం గదా. నేనేం అడుక్కుంటుండాను? వాళ్ళు చేసిన తప్పు వాళ్ళకు చూపిస్తుండాను. తీసెయ్."

కొత్త కాగితం ఎక్కించాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, నిలబడే చెప్పారు. "సర్, నా ప్రమోషన్ తేదీ తప్పుగా ఉంది" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఒక్కటి. దానితోనే మొదలు. నాకు భయం వేసింది. ఢిల్లీవాళ్ళకు కోపం వస్తుందేమో సార్ అన్నాను. "రానీ. కోపం వస్తే పూర్తిగా చదువుతారు" అన్నారు. మా నాయన ముందు కూడా అంత నిక్కచ్చిగా మాట్లాడే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. మిలిటరీ పొగరు అనుకున్నాను. ఆయన మెట్లు దిగి వెళ్ళాక ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుని, ఎందుకో తెలియకుండానే నిటారుగా కూర్చున్నాను.

ఉదయగిరి కొండ కింద, కొయ్య గరిటెలూ స్పూన్లూ చెక్కే కుటుంబంలో పుట్టినవాడు ఆయన. సిపాయిగా చేరి, సర్వీసులో ఉంటూనే పరీక్షలు రాసి ఆఫీసరయ్యారు. మేజరుగా రిటైరై అన్నదమ్ముల ఇంటి పక్కనే రెండు గదులు వేసుకున్నారు. ఊళ్ళో గౌరవం ఉంది, పింఛను వస్తోంది, పిల్లలు స్థిరపడ్డారు. అలాంటి మనిషి ఒక పాత తేదీ కోసం ఎండలో బస్సులెక్కి తిరగడం ఏమిటో నాకు అర్థం కాలేదు. నాకు నోటి దురుసు ఎక్కువని మా అమ్మ ఎప్పుడూ బాధపడేది. రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను.

"రిటైరైనారు గదా సార్. ఇప్పుడు ఆ తేదీ వెనక్కి జరిగితే మీకేం వస్తాది?"

ఆయన నొచ్చుకోలేదు. కుర్చీ లాక్కుని, అంతవరకూ ఎప్పుడూ కూర్చోని మనిషి కూర్చున్నారు. చెప్పింది ఇది. ఆయనకు మేజరు ప్రమోషన్ రావలసిన సమయంలో భుజం విరిగి మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నారు. నయమయ్యాక డాక్టర్ల బోర్డు ఫిట్ అని రాసి పంపింది. ఆ కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోతూ దారిలో ఎక్కడో నెలల తరబడి పడి ఉంది. అది చేరనిదే ప్రమోషన్ లేదు. ఈలోగా ఆయన కంటే జూనియర్ అయిన ఒక కెప్టెన్ మేజరై, ఈయన ఉన్న కంపెనీకే, అంటే ఆ జవాన్ల దళానికే, పెద్దగా వచ్చాడు. వెనకే బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. ఒక కాలవ దగ్గర వీళ్ళు ఆగారు. అవతలి గట్టున శత్రువులు. పొద్దు గూకేదాకా ఆగుదామని ఈయన చెప్పారు. కొత్త మేజరు వినకుండా పట్టపగలే దాటమని ఆజ్ఞ ఇచ్చాడు. అందరికంటే ముందు నీళ్ళలో దిగినవాడు సుబ్బరాయుడు, మన చేజర్ల దగ్గర పల్లె కుర్రవాడు. అవతలి గట్టు చేరలేదు.

అంతటితో అయిపోయి ఉంటే బాషా గారు కూడా ఏడ్చి ఊరుకునేవారేమో. కానీ తర్వాత రాసిన రిపోర్టులో ఆ మేజరు తన ఆజ్ఞ మాటే ఎత్తలేదు. జవాను తొందరపడి, ఆజ్ఞ లేకుండానే ముందుకు పోయి చనిపోయాడని రాశాడు. పల్లెలో ఉన్న తల్లికి కూడా అదే మాట చేరింది. బాషా గారు తాను చూసింది చూసినట్టు రాసి ఇచ్చారు. కంపెనీ కమాండరు ఒకటి చెబుతుంటే ఆయన కింది ఆఫీసరు చెప్పేది చెల్లదని పక్కన పడేశారు.

"న్యాయంగా ఆ రోజుకు నేను మేజర్‌ని బేటీ. అతని కంటే సీనియర్‌ని. కంపెనీ నాది" అన్నారు. "తేదీ సరిచేస్తే నేను రాసిచ్చింది కింది ఆఫీసరు మాట కాదు. అప్పుడు ఆ పిలగాడి పేరు మీద మచ్చ తుడవమని అడిగేదానికి నాకు నోరుంటాది. అది వస్తాది నాకు."

ఆ పూట నుంచి ఆ తేదీ నాది కూడా అయింది. ఇంకెవరైనా "ముసలాయనకు చాదస్తం" అంటే ఒళ్ళు మండేది.

ఢిల్లీ నుంచి జవాబులు వచ్చేవి. అన్నిటిలోనూ ఉన్నది ఒకటే, మీ విషయం పరిశీలనలో ఉంది అని. ఆయన ఆ జవాబు పట్టుకుని దొరికిన మొదటి బస్సుకే ఆత్మకూరు వచ్చేవారు. ఏమి పరిశీలిస్తున్నారు, ఎవరు పరిశీలిస్తున్నారు, ఎప్పటికి పూర్తవుతుంది అని అడుగుతూ అప్పటికప్పుడే తిరుగు ఉత్తరం. ఒకరోజు మా నాయన మెట్లెక్కి వచ్చి, "సాబూ, మనకు తెలిసిన లీడరు ఒకాయన ఉండాడు. ఒక్క మాట చెప్పిస్తే పని చిటికెలో అయిపోతాది" అన్నాడు. మా నాయనది మంచి మనసే. లోకం నడిచే దారి ఆయనకు బాగా తెలుసు, అంతే. బాషా గారు నవ్వి, "నా తేదీ నాకు ఇచ్చేదానికి ఇంకొకరి సిఫారసు ఎందుకు శెట్టిగారూ?" అన్నారు. మా నాయన తల గోక్కుంటూ దిగిపోయాడు.

ఆయన తెగులు నాకూ అంటుకుంది. అందరి అర్జీల్లోనూ ఆ అడుక్కునే ముక్క కొట్టడం మానేశాను. ఒక ముసలి రైతు చదివించుకుని విని, "దండం పెట్టే ముక్క లేదేందమ్మా?" అని కంగారుపడ్డాడు. "దండం కావాలంటే ఆఫీసరుకు ఎదురుగా పెట్టుకో పెద్దయ్యా, కాగితంలో వద్దు" అన్నాను. ఆయన ఆ కాగితం వదిలేసి ఇంకో చోటికి పోయాడు. ఇట్లాగైతే నీ గిరాకీ గోవిందా అని మా నాయన గొణిగాడు. పోతే పోనీ అన్నాను.

ఎనభైలు వచ్చాయి. ఒక వేసవిలో ఢిల్లీ నుంచి మామూలు కంటే పొడుగు జవాబు వచ్చింది. ఆలస్యానికి తమ ఆఫీసులు కొంత కారణమే అని ఒప్పుకున్నారు. అయితే అప్పట్లోనే గుర్తు చేయకపోవడం బాషా గారి లోపమట. కాబట్టి ప్రత్యేకంగా దయతలచి, ఆలస్యమైన కాలంలో సగం కలిపి తేదీని వెనక్కి జరుపుతారట. సమ్మతి రాసి పంపాలి, లేకపోతే విషయం ఇంతటితో ముగిసినట్టే.

మా నాయన సంబరపడిపోయాడు. "సర్కారు దిగొచ్చి సగానికి సగం ఇస్తామంటే మాటలా సాబూ! కళ్ళకద్దుకోని తీసుకోండి. బేరం అంటే ఇట్లా తెగాల." మా ఇళ్ళల్లో, మా బజారులో ఏ తగువైనా చివరికి అట్లాగే తెగేది. ఇద్దరూ చెరి సగం దిగితే పెద్దమనుషులు చేతులు కలిపించి కాఫీ తెప్పించేవాళ్ళు. సగానికి ఒప్పుకోనివాణ్ణి మొండిఘటం అనేవాళ్ళు.

"ఆ సగం తేదీ ఎప్పటికి పడతాదో చూసినారా శెట్టిగారూ?" అన్నారు బాషా గారు. "కాలవ దాటినాక పడతాది. అంటే ఆ రోజుకు నేను కింది ఆఫీసర్‌నే అని నా చేత్తో నేను సంతకం పెట్టినట్టు. ఆ పిలగాడు తొందరపడినాడని నేనూ ఒప్పుకున్నట్టు."

"ఒప్పుకోకపోతే అసలుకే మోసం గదా సాబూ. అంతా పోతాది."

"పోనీ."

మా నాయన నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పవే" అన్నాడు. నేను మిషన్‌లో కాగితం ఎక్కించాను. మా నాయన అడిగిన పని ఆయన ఎదుటే చెయ్యకపోయిన మొదటి సందర్భం అదే. దానికి నాకు నోరు కూడా అవసరం పడలేదు. దయ అవసరం లేదని, తేదీ అనేది సగం నిజం కావడం కుదరదని, పూర్తిగా సరిచేసేదాకా రాస్తూనే ఉంటానని బాషా గారు చెప్పారు. ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాను. పోస్టులో వేసి వచ్చాక మాత్రం, అన్నేళ్ళ కష్టాన్ని ఒక్క కవరులో పెట్టి కాలవలో పడేశామేమో అనిపించింది.

తర్వాత చాలాకాలం ఏ జవాబూ రాలేదు. ఆయన రావడం మాత్రం ఆపలేదు. చివరికి ఒకనాడు, బూట్లు తుడుచుకోకుండానే లోపలికి వచ్చారు. అట్లా రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. తేదీ పూర్తిగా సరిచేశామని ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. ఎందుకు దిగివచ్చారో మాకు తెలియదు. కొత్త ఆఫీసరెవరో మొదటి నుంచీ చదివి ఉండవచ్చు, లేదా మా ఉత్తరాలతో విసిగిపోయి ఉండవచ్చు. మా నాయన మిఠాయి తెప్పించబోతే బాషా గారు వద్దన్నారు. "చేజర్ల దాకా పోయొస్తాం. నువ్వూ రా బేటీ" అన్నారు.

సుబ్బరాయుడి తల్లి రమణమ్మ అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. బాషా గారు కూర్చోలేదు. ఆమె ముందు బిగదీసుకుని నిలబడి తానెవరో చెప్పుకున్నారు. కాలవ సంగతి, ఆజ్ఞ సంగతి, మీ కొడుకు తొందరపడలేదమ్మా, చెప్పిన పని చేసినాడు అన్న సంగతి, తేదీ కోసం పోట్లాడిన సంగతి, అన్నీ చెప్పారు. ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"వాడు దుడుకు గలవాడని ఊరంతా అనె. నేనూ నమ్మితిని" అంది. "చిన్నోడు పరిగెత్తినప్పుడల్లా మీ అన్న మాదిరి తొందరపడి చస్తావురా అని తిడతా ఉంటిని. ఇది నీకు అప్పుడే తెలుసు గదయ్యా. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

"నా మాట చెల్లలేదమ్మా. చెల్లని మాట తీసుకోని ఏం మొహం పెట్టుకోని వచ్చేది?"

"సర్కారుకు చెల్లకపోతే పోయింది. నాకు చెల్లేది గదయ్యా."

ఢిల్లీ మొత్తాన్ని ఎదిరించిన మనిషి ఆ అరుగు ముందు తల దించుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మీద జాలో, ఆయన మీద జాలో ఇప్పటికీ చెప్పలేను. రమణమ్మే లేచి లోపలికి పోయి, ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

తిరుగు బస్సు ఆత్మకూరు దగ్గరపడుతుండగా, "ఆమె చెప్పిందే నిజం బేటీ. ముందు ఆమె దగ్గరికి పోవాల్సింది, తర్వాత ఢిల్లీకి" అన్నారు. బస్సు దిగుతూ, "అయినా ఢిల్లీని వదిలిపెట్టేది లేదు. రేపు పొద్దున్నే వస్తా" అన్నారు. వచ్చారు. సుబ్బరాయుడి రికార్డులో తొందరపడి అన్న మాట కొట్టేయాలని, ఆజ్ఞ ప్రకారం ముందుకు పోయి ప్రాణమిచ్చాడని రాయాలని, ఆ రోజుకు సీనియర్ ఆఫీసరుగా తాను చెబుతున్నానని రెండో అర్జీ కొట్టించారు. దానికి జవాబు రాకముందే ఉదయగిరిలో కన్నుమూశారు. అంత్యక్రియలకు రమణమ్మ చిన్న కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది.

ఆ తర్వాత నాకు పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, ఊళ్ళు మారాను. సగానికి సర్దుకొమ్మన్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ దొరికారు. కొన్నిచోట్ల సర్దుకున్నాను కూడా. కానీ కాగితం మీద అబద్ధం కనిపిస్తే మాత్రం సర్దుకోలేదు. ఎదుటి మనిషికి చెప్పవలసిన నిజం ఉంటే, దానికి సర్కారు ముద్ర పడేదాకా ఆగనూ లేదు. ఆయన రెండో అర్జీ గురించి అడుగుతూ నా పేరుతో ఢిల్లీకి రాస్తూ వచ్చాను. అర్జీదారుతో మీకు సంబంధం ఏమిటో తెలియజేయండి అని ఒకసారి జవాబు వచ్చింది. మాది ఒక మతం కాదు, ఒక ఊరు కాదు, చుట్టరికం అసలే లేదు. ఆ పూట ఆఫీసుకు సెలవు పెట్టి, నా పాత మిషన్ ముందు కూర్చుని ఇట్లా కొట్టాను: "సర్, ఆ అర్జీ టైపు చేసింది నేను. అందులో ఉన్నది నిజమని నాకు తెలుసు. ఆయన లేరు కాబట్టి జవాబు నాకు ఇవ్వండి." ఇంకా ఇవ్వలేదు. నేనూ ఇంకా అడగడం మానలేదు.