నాయనమ్మ తండ్రి పేరు

నాయనమ్మ సమాధిరాయి మీద ఆమె తండ్రి పేరు చెక్కించాలని నాన్న కోరిక. ఆ పేరు మాకెవరికీ తెలియదు. ఇవాళ హుకుంపేట చర్చిలో పాత బాప్తిస్మాల పుస్తకం తీయించి చూశాం. తల్లి పేరే ఉంది, తండ్రి చోటు ఖాళీ.

అక్కణ్ణుంచి నాయనమ్మ పుట్టిన ఊరెళ్ళి, ఆమె ఈడు ముసలవ్వకు సంగతి చెప్పి అడిగాం.

"తెల్లదొరలు రోడ్డు ఏసినప్పుడు మేస్త్రీ మీయమ్మ తల్లిని గుడిసెలోకి ఈడ్సుకుపోనాడట. ఊరంతా అరుపులు ఇన్నారు, ఎవులూ ఎల్లనేదు. మాయమ్మ సెప్పి ఏడిసేది."

"ఆడి పేరేటి?" నాన్న అడిగాడు.

"తెల్సు. రాయి మీద ఎక్కిత్తావా బాబూ?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. ఇంటికొచ్చాక, నాయనమ్మ తల్లి పేరే చెక్కమని రాయి పనివాడికి కబురు పంపాడు.

రేపు రాయి చూసినవాళ్ళు తండ్రి పేరేదని తప్పకుండా అడుగుతారు. మీరైతే ఏం చెబుతారు?