ఆర్విల్లా బొటనవేలు

మా శాన్‌పీట్ లోయలో ఏ పిల్ల బాప్తిస్మానికైనా తెల్లగౌను కుట్టేది ఆర్విల్లాయే. నీళ్ళలో తేలిపోకుండా అంచులో సన్నటి సీసపు బిళ్ళలు పెట్టి మరీ కుడుతుంది. యాభై ఏళ్ళుగా చర్చిలో బాప్తిస్మమిచ్చే తొట్టి మెట్ల దగ్గర తువ్వాళ్ళు పట్టుకుని నిలబడటం కూడా ఆమె వంతే. పిల్ల పూర్తిగా మునిగిందో లేదో చూసి చెప్పే ఇద్దరు సాక్షులు మాత్రం మగవాళ్ళే. వాళ్ళలో సగంమందికి చత్వారం, అయినా పర్వాలేదట.

తన సంగతి ఆమె నాకొక్కదానికే చెప్పింది. ఎనిమిదేళ్ళప్పుడు, మా చర్చి ఆనవాయితీ ప్రకారం వాళ్ళ నాన్నే ముంచుతుంటే ఎడమకాలి బొటనవేలు పైకి లేచిందట. వేలి కొన బయట ఉన్నా ఆ బాప్తిస్మం చెల్లదు. సాక్షులిద్దరూ బాగుందనేశారు. ఇంటికెళ్ళే దారిలో వాళ్ళమ్మ మెల్లగా, "నీ వేలు తేలింది. నేను చూశాను. నన్నెవరూ అడగలేదు," అంది. అప్పట్నుంచి డెబ్బై మూడేళ్ళుగా ఆర్విల్లాకి ఆ కాలంటే అనుమానమే. తను స్వర్గంలోకి వెళ్ళినా ఆ వేలిని గుమ్మం బయటే ఆపేస్తారేమోనని నవ్వేది. నవ్వేదే కానీ భయం నిజమే.

2019 అక్టోబరులో ఆడవాళ్ళూ సాక్షులుగా ఉండొచ్చని చర్చి పెద్దలనుంచి కబురొచ్చింది. ఆర్విల్లా నాకు ఫోన్ చేసి ఒక్క మాటా మాట్లాడకుండా నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను. ఈలోగా పొయ్యిమీది బంగాళదుంపలు మాడి బొగ్గయ్యాయి.

మరుసటి నెలలోనే ఆమె మునిమనవరాలు బ్రిన్లీ బాప్తిస్మం. ముంచేది పిల్ల తండ్రి, ఆర్విల్లా మనవడు కోల్టర్. ఒక సాక్షి ఆర్విల్లా. రెండో సాక్షి ఆమె మరిది ర్యూలన్, ఈ పనిలో పాతకాపు.

"కళ్ళజోడు తెచ్చుకున్నావా వదినా?" అన్నాడు.

"రెండు తెచ్చాను. ఒకటి నీకే."

తొట్టి అంచున మోకాళ్ళమీద కూర్చుని ఆమె ఎంత ముందుకు వంగిందంటే, నేను వెనకనుంచి లంగా పట్టుకోవాల్సి వచ్చింది. కోల్టర్ పిల్లని ముంచి లేపాడు. ర్యూలన్ బాగుందన్నాడు.

"లేదు. బొటనవేలు తేలింది," అంది ఆర్విల్లా.

తనకేమీ కనపడలేదన్నాడు ర్యూలన్. నీళ్ళు చల్లగా ఉన్నాయి, పోనీలే నానమ్మా అన్నాడు కోల్టర్. అందరూ చివరిమాట చెప్పాల్సిన బిషప్ వైపు తిరిగారు. ఆయన కూడా పోనీలే అంటే ఆర్విల్లా మళ్ళీ తువ్వాళ్ళ దగ్గరికి పోవలసిందే.

బిషప్ గడ్డం గోక్కున్నాడు. "సాక్షి కాదంటే కాదు. మళ్ళీ ముంచు."

రెండోసారి జడ కొస తేలింది. ఈసారి ర్యూలన్ అందరికంటే ముందు చెయ్యెత్తి, తనే కనిపెట్టానన్నాడు. బ్రిన్లీ పకపకా నవ్వుతోంది. పిల్లలు నవ్వారు, పెద్దలు నవ్వారు, నవ్వాపుకోలేక కోల్టర్ ప్రార్థన మధ్యలో తడబడి మళ్ళీ మొదలెట్టాడు. మూడోసారి పిల్ల రాయిలా మునిగింది.

"అన్నీ మునిగాయా తాతమ్మా?" అనడిగింది బ్రిన్లీ.

"ఇరవై వేళ్ళూ మునిగాయి తల్లీ," అంది ఆర్విల్లా.

అందరూ భోజనాలకి వెళ్ళాక ఆమె మెట్టుమీద కూర్చుని, మేజోడు విప్పి, ఎడమకాలు నీళ్ళలో పెట్టింది.

"చూసి చెప్పవే," అంది.

నేను ఆమె రెండో కళ్ళజోడు పెట్టుకుని వంగి, బాగా చూశాను.

"మునిగిందక్కా."