ఇరవై ఆరు అడుగుల లారీ

వీధిలో అందరూ ఆయన్ని లారీ బాబాయ్ అనేవారు. పందొమ్మిదేళ్ళుగా ఒకటే బండి, కంకర తోలే పెద్ద లారీ. దాన్ని ఇంటి పక్క ఖాళీ జాగాలోకి రివర్సులో పెట్టడం చూడాల్సిందే. అటు గోడకు జానెడు, ఇటు గోడకు జానెడు, ఒక్క గీత పడదు. ఆ మాత్రం గర్వం ఆయనకుంటే ఉండనివ్వండి, అంతకుమించి వెనకేసుకున్నదేమీ లేదు పాపం.

రెండేళ్ళ క్రితం భార్యకు పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం, రెండు ట్రిప్పుల మధ్య, లారీని ఇంటికి తెచ్చేవాడు. ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టి, నాలుగు ముద్దలు తినిపించి, మరో పక్కకు తిప్పి పడుకోబెట్టి వెళ్ళేవాడు. ఆ ముప్పావుగంట పోతే ఆవిడ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకే పక్క మీద పడి ఉండాలి. ఒళ్ళు పుండు పడుతుందని ఆస్పత్రి నర్సు ముందే హెచ్చరించింది.

అలాంటి ఇంటికి మునిసిపాలిటీ నోటీసు వచ్చింది. జనం నివసించే వీధుల్లో ఇరవై రెండు అడుగులు మించిన వాహనాన్ని ఇంటి ఆవరణలో నిలపకూడదట. ఇరుకు వీధి, లారీ నిలపడానికి దగ్గర్లో మరో చోటు లేదు. ఫిర్యాదు చేసింది పక్కింటి మాస్టారు. ఆయన్నీ తప్పుపట్టలేం, లారీ వచ్చి నిలబడితే ఆయన చదువుకునే గదిలో పట్టపగలే లైటు వేసుకోవాల్సి వచ్చేది.

విచారణకు లారీ బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆఫీసరమ్మ మంచి మనిషి. ఆయన భార్య సంగతంతా విని, కాగితాలు పక్కకు జరిపింది.

"ఫిర్యాదులో పొడవు రాయలేదు. కొలవడానికి పంపుదామంటే మనుషులు లేరు. మీరు చెప్పిందే రాసుకుంటాం," అంది నెమ్మదిగా. "ఓ ఇరవై రెండు ఉంటుందేమో, అంతే కదండీ?"

ఆ 'అంతే కదండీ' కొంప ముంచింది. ఇంకొకరైతే తలూపి బయటపడేవారు. ఈయన నొచ్చుకున్నాడు.

"ఇరవై రెండేంటమ్మా, అది పిల్లల బండి. మనది ఇరవై ఆరు."

గుమాస్తా కలం ఆగిపోయింది. ఆఫీసరమ్మ ఒకసారి కళ్ళు మూసుకుని, "సరే, రాయండి. వారంలోగా తీసెయ్యాలి," అంది.

తానేం చేశాడో అప్పటికిగానీ ఆయనకు తెలిసిరాలేదు. మెట్లు దిగుతుంటే తన చెప్పుతో తననే కొట్టుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని, నీళ్ళు నమలకుండా జరిగింది చెప్పేశాడు.

"కాస్త తగ్గించి చెప్పలేకపోయారా?" అంది ఆవిడ. గొంతులో కోపం లేకపోవడమే ఆయనకు మరీ కష్టంగా ఉంది.

"నోరు రాలేదు."

"ఎలా వస్తుందిలెండి," అని ఆవిడ గోడవైపు చూసింది.

మర్నాడు లారీ యజమాని దగ్గరికి వెళ్ళాడు. షెడ్డులో ఓ మూల, సిమెంటు బస్తాలు ఇళ్ళకు చేరవేసే బుల్లి వ్యాను ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు చెయ్యి తిరగడానికి ఇచ్చే బండి. లారీ తాళాలు బల్ల మీద పెట్టి ఆ వ్యాను అడిగాడు.

"ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని దాన్ని తోలతావా? మనవాళ్ళు నవ్వుతారయ్యా," అన్నాడు యజమాని.

"నవ్వనివ్వండి."

నిజంగానే నవ్వారు. "బాబాయ్, బండి జేబులో పెట్టుకుని పోతావా ఇంటికి?" అన్నాడొకడు గేటు దగ్గర. ఆయన గేరు మార్చి ముందుకు పోనిచ్చాడు. లారీలోంచి ఊరంతా కనిపించేది, ఇప్పుడు ముందు పోయే బస్సు వీపు తప్ప ఏమీ కనిపించలేదు. ఏడుపొచ్చింది. చూసేవాళ్ళు లేరు కదా అని ఏడ్చేశాడు కూడా.

మధ్యాహ్నం ఇంటి పక్క జాగాలో వ్యాను ఆపితే సగానికి పైగా ఖాళీగా మిగిలింది. లోపలికొచ్చి భార్యను రెండు చేతులా లేపి కూర్చోబెట్టాడు. ఆవిడ కిటికీలోంచి చాలాసేపు చూసింది.

"ఎన్నడుగులేంటి అది?" అంది.

"పదకొండున్నర," అన్నాడాయన ముద్ద కలుపుతూ, ఒక్క అంగుళం కూడా పెంచకుండా.