ఆయన పెట్టెలో నా గొంతు

ఖమ్మం దవాఖానాలో మా క్వయర్ సార్ పోయారన్న కబురు మొన్న శనివారం మా ఊరు ఏన్కూరు చేరింది. మేము చర్చిలో చాపలు పరుస్తున్నాం. చేతిలో చాప వదిలేశాను. క్వయర్‌లో మా అందరి చేత పాడించేది, నాకు పాట నేర్పింది ఆయనే.

సార్ దగ్గర ఒక శాంప్లర్ ఉండేది. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసినది, చంకలో పెట్టుకుని తిరిగేంత చిన్న కీబోర్డు. ఏ శబ్దాన్నయినా దాని మైకుతో పట్టి, అదే శబ్దాన్ని కీబోర్డు మెట్ల మీద రాగంగా వాయించవచ్చు. మేక అరుపుతో క్రిస్మస్ పాట వాయించి పాస్టరుగారి చేత చీవాట్లు తిన్న మనిషి ఆయన. కాకపోతే అందులో ఒక్క శబ్దమే పడుతుంది. కొత్తది పట్టగానే పాతది పోతుంది. సార్‌కు ఆ బెంగే లేదు. "పోతే పోనీ, లోకంల సప్పుళ్లకు కరువా?" అనేవారు. భద్రాచలం దారిలోని అడవి ఊళ్లకు పాటలకు పోతుంటే, ఉన్నట్టుండి వేలెత్తి ఆటోలో అందరి నోళ్లూ మూయించేవారు. ఎండుటాకుల మీద నడక, రేకుల మీద వాన, ఏది దొరికితే అది పట్టేవారు.

నా గొంతులో గడ్డకు ఆపరేషన్ అన్నప్పుడు, గొంతు మారిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ఇంట్లోవాళ్లు ప్రాణానికి భయపడుతుంటే నాకు పాట గురించే దిగులు. ఎవరికీ చెప్పుకోలేదు. సార్ కనిపెట్టారు. ఆ శాంప్లర్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, "ఒక్క 'ఆ' అను బిడ్డా. పాటంత పట్టదు గని, గంతే సాలు" అన్నారు. అన్నాను.

గొంతు నిజంగానే బొంగురుపోయింది. కోలుకుని చర్చికి వెళ్లిన రోజు ఆయన మెట్టు నొక్కితే నా పాత గొంతు పలికింది. అందరి ముందూ ఏడ్చేశాను. అప్పటినుంచి ప్రతి పాటకూ శ్రుతి ఆ గొంతుదే. అది పోకూడదని ఆయన ఇంకే శబ్దమూ పట్టలేదు. ఒకసారి అడవి ఊళ్లో ఓ తాత డోలు తెచ్చి, "నాది గూడ పట్టు సారూ" అని బతిమాలాడు. సార్ ఆ డోలును ఆశగా తడుముతూనే, "జాగ లేదు తాతా, లోపల మనిషున్నది" అన్నారు.

"నా గొంతు తీసెయ్యరాదా సార్, ఎన్నాళ్లుంచుతరు?" అని దారిలో అడిగాను.

"నీ గొంతు నీకొచ్చేదాక" అన్నారు. రాదని ఇద్దరికీ తెలుసు. మళ్లీ నేను ఆ మాట ఎత్తలేదు.

బ్యాటరీలు పూర్తిగా అయిపోతే లోపలి శబ్దం పోతుంది. అందుకని కరెంటు ఉన్నప్పుడు వైరు తగిలించి మరీ సెల్లులు మార్చేవారు. ఆయన దవాఖానాలో పడ్డాక ఆ పని చూసే దిక్కు లేకపోయింది.

సమాధి దగ్గర పాట ఎత్తుకోవాలి. అలవాటుగా అందరం పెట్టె వైపు చూశాం. సార్ భార్యను మేమంతా అమ్మ అంటాం. ఆమె కొత్త సెల్లులు వేసి మెట్టు నొక్కింది. నా గొంతు పలకలేదు.

"నేను చూస్కోలే బిడ్డా. నీ గొంతు గూడ ఆయనెంబడే పోయింది" అని నా చెయ్యి పట్టుకుంది.

ఎవరూ మొదలుపెట్టడం లేదు. చివరికి నేనే ఎత్తుకున్నాను, మొదటిసారి ఈ బొంగురు గొంతుతోనే. పై శ్రుతిలో పాడేవాళ్లందరూ కిందికి దిగి నా శ్రుతిలో కలిశారు. సార్ ఒక్కసారి వింటే బాగుండునని ప్రాణం కొట్టుకులాడింది. అమ్మ కళ్లు తుడుచుకుని, ఆయనలాగే పెట్టెను ఎత్తి మైకు మా వైపు తిప్పింది. ఏ బటన్ నొక్కితే పడుతుందో ఆమెకు తెలియదు. పాట అయ్యేదాకా అట్లాగే పట్టుకుని నిలబడింది.